రంగం డ్రైవరుకి ఎల్ బోర్డు

రంగూన్‌లో ఇన్సీన్ నుంచి సూలే పగోడా దాకా అప్పలసూరి పందొమ్మిదేళ్లు బస్సు నడిపాడు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసి పోయిన లారీలకు చెక్కబాడీలు కట్టి బస్సులు చేసిన రోజుల్లో స్టీరింగు పట్టుకున్నాడు. బస్సులన్నీ అక్కడి సర్కారు పరమై, పరాయి దేశపువాళ్లకు ఆ సీటు లేదని చెప్పిన రోజున దాన్ని వదిలాడు. అతని తండ్రి కోటబొమ్మాళి దగ్గర పల్లె నుంచి బియ్యం మిల్లులో మూటలు మొయ్యడానికి రంగూన్‌కి, వాళ్ల మాటలో రంగానికి, వెళ్లినవాడు. అప్పలసూరి పుట్టింది, పెరిగింది అక్కడే. ఈ దేశానికి ఒకే ఒక్కసారి, నారాయణమ్మను పెళ్లి చేసుకోవడానికి వచ్చి, ఇరవై రోజులుండి వెళ్లాడు.

అరవై అయిదులో కాందిశీకుల ఓడ విశాఖపట్నం రేవులో దిగబెట్టినప్పుడు నారాయణమ్మ సొంత దేశానికి వచ్చింది. అప్పలసూరి కొత్త దేశానికి వచ్చాడు. భాష ఒకటే గాని మిగతావన్నీ అతనికి కొత్తే. నారాయణమ్మ తమ్ముడు ఎల్లాజీ కోటబొమ్మాళిలో ఒక మిల్లు లారీ నడిపేవాడు. అతని వసారాలో కాపురం పెట్టారు. పొలం పనికి వెళితే నాట్లు వంకరపోయాయని ఆడవాళ్లు నవ్వారు. మూటలు మోస్తే నడుం పట్టేసింది. చేతనైన పని ఒక్కటే ఉంది. దానికి కాగితం కావాలి.

కాగితం అతని దగ్గర ఉంది కూడా. ఓడ ఎక్కే ముందు పెళ్లాం చెవులవీ మెళ్లోదీ అక్కడే ఒలిపించేసిన కస్టమ్సు వాళ్లు ఆ డ్రైవింగు లైసెన్సును మాత్రం తిరగేసి చూసి వదిలేశారు. దాన్ని మైనగుడ్డలో చుట్టి పెట్టెలో అడుగున దాచుకున్నాడు.

అరవై ఏడు కొత్తమ్మ జాతర ముందు, పాతపట్నం నుంచి టెక్కలి మీదుగా జిల్లా పట్నానికి బస్సు తిప్పే నరసింగరావుకి డ్రైవరు కావలసి వచ్చింది. ఆయన అప్పలసూరిని పిలిచి షెడ్డు ముందున్న దిబ్బ చుట్టూ బస్సు తిప్పమన్నాడు. అప్పలసూరి రెండేళ్ల తర్వాత స్టీరింగు ముట్టుకున్నాడు. ఇరుకు సందులోంచి వెనక్కి తీసి, గోడకు బెత్తెడు దూరంలో ఆపి దిగాడు. నరసింగరావు ఆ బెత్తెడు సందులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత, లైసెన్సు పట్టుకొస్తే సీటు నీదేనని, అందాకా ఇప్పుడున్న కుంటి డ్రైవరుతో ఎలాగో గడుపుకొస్తానని చెప్పాడు.

లైసెన్సు ఉన్నదే కదా, ఇక్కడి ముద్ర ఒకటి వేయించుకుంటే సరిపోతుందనుకున్నాడు అప్పలసూరి. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని పట్నం బస్సెక్కాడు.

లైసెన్సుల ఆఫీసులో హెడ్ గుమాస్తా పేరు గణపతిరావు. సన్నగా, పొడుగ్గా, చొక్కా మెడ గుండీ కూడా పెట్టుకుని ఉండేవాడు. ఎవరు టీ తెప్పించినా తాగేవాడు కాదు. ఆయన లంచగొండి అయితే బాగుండేదని తర్వాత తర్వాత అప్పలసూరి ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. లంచగొండి అయితే ఎక్కడో ఒక చోట ఆగుతాడు. గణపతిరావు ఆగే మనిషి కాదు.

ఆయన లైసెన్సును అటూ ఇటూ తిప్పి, ఆ గుండ్రటి బర్మా అక్షరాలు చూసి, ఇందులో ఏముందో చదవమన్నాడు. అప్పలసూరి ఉన్నది ఉన్నట్టు చదివాడు. అదే అతను చేసిన తప్పు.

"ఈ మాంగ్ సూ ఎవరు?" అన్నాడు గణపతిరావు.

"నానేనండి."

"నీ కాందిశీకుల కార్డులో అప్పలసూరి అని ఉంది."

"మా బస్సు కంపెనీ గుమస్తాకి నా పేరు నోరు తిరగనేదండి. సూరి అంటే సూ అని రాసేసినాడు. మాంగ్ అంటే మనకి శ్రీ లాగండి."

గణపతిరావు ఫోటో వైపు చూశాడు. అప్పలసూరి ముఖం వైపు చూశాడు. "నువ్వేనని నాకు తెలుస్తూనే ఉందయ్యా. నాకు తెలిస్తే సరిపోదు," అన్నాడు. లైసెన్సును ఇంగ్లీషులోకి తర్జుమా చేయించాలి, ఆ తర్జుమా మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలి, మాంగ్ సూ అన్నా అప్పలసూరి అన్నా ఒకడేనని కోర్టులో ప్రమాణపత్రం రాయించాలి. ఇవన్నీ ఆయన ఒక చిన్న కాగితం మీద చక్కటి దస్తూరీతో రాసి ఇచ్చాడు. ఇంగ్లీషులో రాశాడు.

జిల్లాలో బర్మా చదవగలిగినవాళ్లకు కొదవలేదు. వాళ్లలో ఇంగ్లీషు రాయగలిగినవాడు చంద్రశేఖరం మేష్టారు ఒక్కడే. ఆయన రంగూన్‌లో తెలుగు పిల్లల బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు విజయనగరంలో అక్క రాజరాజేశ్వరి ఇంట్లో ఉంటూ ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. అప్పలసూరి రైలెక్కి వెళ్లాడు. మేష్టారు లైసెన్సు చేతిలోకి తీసుకోగానే ఆయన కళ్లు చెమర్చాయి. ఆ అక్షరాలు చూసి రెండేళ్లయిందన్నాడు. తలుపు దగ్గర నిలబెట్టే అందులోని షరతులన్నీ పైకి చదివాడు. అప్పలసూరికి వాటితో పని లేదు, సాయంత్రం రైలు అందుకోవాలి. కాని మేష్టారికి పని ఉంది. ఒక బర్మా మాటకి సరైన ఇంగ్లీషు మాట దొరకలేదని పదకొండు రోజులు తీసుకున్నాడు. అప్పలసూరి మూడుసార్లు రైలెక్కి వచ్చాడు. మూడోసారి తర్జుమా చేతిలో పెడుతూ మేష్టారు అన్నాడు:

"అన్నట్టు అప్పలసూరీ, ఇది డిసెంబరు ఆఖరుతో చెల్లిపోతుంది. చూసుకున్నావా?"

చూసుకోలేదు. అప్పటికి దసరా వెళ్లిపోయింది. ఇంకా రెండున్నర నెలలు ఉన్నాయి కదా అని గుండె దిటవు చేసుకున్నాడు.

కోర్టు ప్రమాణపత్రం ఒక్క పూటలో దొరికింది. తర్జుమా పట్టుకుని గెజిటెడ్ సంతకం పెట్టే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన మర్యాదగానే, నాకు రాని భాషలో ఏముందో నాకెలా తెలుస్తుందయ్యా, తెలియనిదాని మీద సంతకం ఎలా పెట్టను అన్నాడు. అదీ నిజమే అనిపించింది. అందుకే మరీ ఒళ్లు మండింది. ఇంకొక ఆఫీసరు వారం రోజులు తిప్పుకుని, చంద్రశేఖరం సంతకం చంద్రశేఖరందేనని రాసి ముద్ర వేశాడు. అది చూసి గణపతిరావు, ఇది సంతకానికి సాక్ష్యం, లైసెన్సుకి కాదు అన్నాడు. అంటూనే, తన చేతుల్లో లేదు గనుక పై ఆఫీసుకి రాసి కనుక్కుంటానన్నాడు. ఆయన అన్నమాట తప్పడు. ఆ రోజే రాశాడు.

పైనుంచి జవాబు సంక్రాంతి వెళ్లాక వచ్చింది. గణపతిరావు దాన్ని తనే చదివి వినిపించాడు. విదేశంలో ఇచ్చిన లైసెన్సు అమల్లో ఉన్నదైతే దాన్ని పరిశీలించవచ్చునట.

"మరి పరిసీలించండి," అన్నాడు అప్పలసూరి.

"అమల్లో ఉన్నదైతే," అన్నాడు గణపతిరావు. "నీది పోయిన నెలాఖరుతో చెల్లిపోయింది. తర్జుమాలో స్పష్టంగా ఉంది. మంచి తర్జుమా."

అప్పలసూరి దాన్ని మళ్లీ రాయించుకోవాలంటే ఎక్కడికెళ్లాలని అడిగాడు. ఇచ్చినవాళ్ల దగ్గరికేనన్నాడు గణపతిరావు. ఆ మాట ఆయన వెటకారానికి అనలేదు. ఆయనకు వెటకారం రాదు. అంతలోనే తన మాట తనకే వినిపించినట్టుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇదంతా వదిలేసి కొత్తగా నేర్చుకునేవాడిలా దరఖాస్తు పెట్టుకుంటే అయిదారు నెలల్లో తేలిపోతుందని సలహా చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అప్పలసూరి చోడంబలి గిన్నె ముట్టుకోలేదు. నారాయణమ్మ సంగతంతా విని, "నేర్సుకున్నట్టు రాసుకుంతే నీకేటి తరుగుతాది? నువ్వెరిగిన పని నీకాడే ఉంతాది," అంది.

"నలబయ్యారేల్లొచ్చినాక ఎల్ బోర్డు కట్టుకుని రోడ్డెక్కమంతావేటి?"

"వసారాలో కూసోడం కన్నా రోడ్డెక్కడమే మేలు."

ఆమెతో వాదించి అతను ఎప్పుడూ గెలవలేదు. కళ్ల పరీక్ష, వయసు కాగితం, మూడు ఫోటోలు, అన్నీ అయ్యాక ఫిబ్రవరిలో నేర్చుకునేవాడి లైసెన్సు వచ్చింది. దాని ప్రకారం బండికి ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డు ఉండాలి. పక్క సీట్లో ఈ దేశపు లైసెన్సు ఉన్న డ్రైవరు కూర్చోవాలి. ఆ ఊళ్లో అప్పలసూరికి దొరికిన లైసెన్సు ఉన్న డ్రైవరు ఎల్లాజీ.

ఎల్లాజీ మంచివాడే. అక్కాబావలకు రెండేళ్లుగా వసారా ఇచ్చి, ఒక్కనాడూ మాట అనలేదు. కాని ఆరేళ్ల కిందట లైసెన్సు తెచ్చుకున్నప్పటి నుంచి అతను గేరు మారిస్తే ఊరంతా వినపడేది. మలుపు దగ్గర బ్రేకు, మలుపు తిరిగాక హారను. మిల్లు లారీ ముందు బంపరుకి ఊళ్లోని ప్రతి గోడ సున్నం అంటుకుని ఉండేది. అప్పలసూరి వచ్చిన కొత్తలో ఓసారి ఆ లారీ ఎక్కి, టెక్కలి చేరేలోపు దిగిపోయి మిగతా దారి నడిచాడు.

అటువంటివాడు ఇప్పుడు పక్కన కూర్చున్నాడు. మొదటి రోజు ఎల్లాజీ తలకు నూనె రాసుకుని, దువ్వుకుని వచ్చాడు. లారీ ఎక్కి కాలు మీద కాలు వేసుకుని, క్లచ్చి అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. అప్పలసూరి ఊరు దాటేదాకా ఓర్చుకున్నాడు. ఊరు దాటినా అది ఆగలేదు. ఎదర గొర్రెలు ఉన్నాయనీ, ఎడమ పక్క గొయ్యి ఉందనీ, ఎండ వస్తోందనీ చెప్తూనే ఉన్నాడు.

"ఒరే ఎల్లాజీ, నాకు కల్లున్నాయి."

"రూలు బావా. పక్కన కూసున్నోడు సెప్పాల."

"సెప్పాలని నేదు. కూసోవాలని ఉంది."

ఇంకో ఫర్లాంగు వెళ్లాక ఎల్లాజీ కాకి అడ్డం వస్తోందన్నాడు.

దారిలో వాళ్లు నిలబడి చూసేవాళ్లు. నరసన్నపేట సంతకి పోయే ఆడవాళ్లు, నెరిసిన తలవాడు ఎర్ర బోర్డు కట్టుకుని నేర్చుకుంటున్నాడని ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. ఒకామె, పెద్ద వయసు, బుర్రకెక్కుతుందో లేదో పాపం అని అప్పలసూరికి వినపడేలాగే జాలిపడింది. రంగూన్‌లో వర్షాకాలం మోకాలి లోతు నీళ్లలో బస్సు పోనిస్తే, వెనక సీట్లో బౌద్ధ సన్యాసులు కునుకు చెదరకుండా నిద్రపోయేవారు. ఆ సంగతి ఈ రోడ్డు మీద ఎవరికి చెప్పుకోవాలి? కోపం వస్తే యాక్సిలేటరు మీద చూపించే మనిషి కాదు. పళ్లు బిగించుకుని, ఇంకా నెమ్మదిగా నడిపేవాడు.

అలా నెలా రెండు నెలలు గడిచేసరికి ఒక చిత్రం జరిగింది. మిల్లు నుంచి ఖాళీ లారీ తెచ్చేటప్పుడు ఎల్లాజీ తోలితే గేరు చప్పుడు వినపడడం తగ్గింది. మలుపు ముందే వేగం తగ్గిస్తున్నాడు. రోజూ గంటసేపు పక్కన కూర్చుని బావ కాళ్లూ చేతులూ చూస్తూ ఉండడం వల్ల అది అతనికి తెలియకుండానే అంటుకుంది. ఎల్లాజీ మాత్రం చెప్పడం మానలేదు.

మార్చి ఆఖర్న పరీక్ష. పరీక్ష పెట్టే బ్రేకిన్‌స్పెక్టరు నారాయణమూర్తి అని, పొట్టిగా, ముక్తసరిగా మాట్లాడే మనిషి. లారీ ఎక్కి అప్పలసూరి పక్కన కూర్చుని, పోనియ్ అన్నాడు. అప్పలసూరి పోనిచ్చాడు. వెనక్కి తియ్యమన్నాడు. తీశాడు. ఎత్తు మీద ఆపి కదపమన్నాడు. అరంగుళం వెనక్కి జారకుండా కదిపాడు. నారాయణమూర్తి ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత ఎడమ సందులోకి తిప్పమన్నాడు. అప్పలసూరి అద్దం చూసుకుని తిప్పేశాడు.

"ఆపు," అన్నాడు నారాయణమూర్తి. "సైగ ఏది?"

కుడి పక్క తిరగాలంటే చెయ్యి బయట పెట్టడం అప్పలసూరికి ఊపిరి పీల్చినంత అలవాటు. ఎడమకి తిరగాలంటే చెయ్యి బయటపెట్టి గుండ్రంగా తిప్పాలి. రంగూన్‌లో ఎడమ వైపు పని కండక్టరుది. వాడు ఎడమ తలుపు పట్టుకుని వేలాడుతూ రేకు మీద చరిచి అరిచేవాడు. పందొమ్మిదేళ్లలో అప్పలసూరి చెయ్యి ఎడమ సైగ ఒక్కసారీ చెయ్యలేదు. వివరం చెప్పబోయాడు. నారాయణమూర్తి విన్నాడు కూడా. విని, ఇక్కడ రేకు చరిచేవాడు ఉండడు, వెనకొచ్చే సైకిలువాడు నీ కింద పడతాడు అని, మళ్లీ నెల తర్వాత రమ్మన్నాడు.

పరీక్ష తప్పింది. ఎవరి మీదైనా విరుచుకుపడదామంటే ఎవరూ దొరకలేదు. గణపతిరావు మీద కోపం తెచ్చుకోవచ్చు, ఆ డాక్టరు మీద తెచ్చుకోవచ్చు. ఈ మనిషి అన్నది మాత్రం నిజం. తిరుగు దారిలో ఎల్లాజీ, "నాను సెప్పినాను కదా బావా, సెయ్యి తిప్పాలని," అన్నాడు. చెప్పే ఉంటాడు. కాకుల గురించీ గోతుల గురించీ చెప్పినవాటిలో అదీ ఉండే ఉంటుంది. అప్పలసూరి ఆ నెలంతా ఎడమ మలుపు ఉన్నా లేకపోయినా చెయ్యి తిప్పాడు. ఆఖరికి అన్నం దగ్గర కూర్చుని ఎడమ చేతి వైపున్న మంచినీళ్ల చెంబు అందుకోబోతూ కుడిచెయ్యి గాల్లో తిప్పాడు. నారాయణమ్మ మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

రెండోసారి పరీక్షలో తప్పు పట్టడానికి ఏమీ లేకపోయింది. నారాయణమూర్తి లారీ దిగుతూ, పాసు అని, ఎన్నాళ్లయింది నేర్చుకుని అని అడిగాడు.

"ఇరవయ్యేల్లు దాటిందండి."

"అనుకున్నాను," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది గణపతిరావు బల్ల మీద ఒక ఫారం. అందులో ఆఖరి గడిలో డ్రైవింగు నేర్పినవారి పేరు, లైసెన్సు నంబరు రాసి, దరఖాస్తుదారు సంతకం చెయ్యాలి. గణపతిరావు అక్కడ ఎల్లాజీ పేరు ముందే రాసి ఉంచాడు. ఎక్కడ సంతకం చెయ్యాలో పెన్సిలుతో చుక్క కూడా పెట్టాడు.

అప్పలసూరి కలం పట్టుకుని ఆగిపోయాడు.

అతనికి బండి నేర్పినవాడు చినబాబు. పర్లాకిమిడి పక్కవాడు. యుద్ధంలో సైన్యానికి లారీలు తోలాడు. నలభై ఆరులో, అప్పలసూరి ఇంకా మిల్లులో మూటలు మోసే రోజుల్లో, వీడి చెయ్యి నిదానంగా ఉందని చూసి, ప్రతి ఆదివారం నది ఒడ్డుకి తీసుకెళ్లి నేర్పాడు. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు. ఇంజను ఆపేసి, చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. తప్పేమిటో తనకే తట్టేదాకా బండి కదిలేది కాదు. ఓడలు మొదలయ్యే ముందు ఏడు అక్కడే పోయాడు. దహనానికి మోసినవాళ్లలో అప్పలసూరి ఒకడు.

"బాబూ, నాకు నేర్పినోడు సినబాబు మావండి. ఆయన పేరు రాస్తాను," అన్నాడు.

గణపతిరావు ఆయనకు ఈ దేశపు లైసెన్సు ఉందా అని అడిగాడు. లేదు. మనిషి ఉన్నాడా అని అడిగాడు. లేడు. అయితే ఆ గడిలో ఆ పేరు పట్టదన్నాడు. పోనీ ఎల్లాజీ పేరు కింద ఆయన పేరు కూడా చిన్నగా రాసుకుంటానన్నాడు అప్పలసూరి. రెండో పేరుకి గడి లేదన్నాడు గణపతిరావు. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నారు. తొమ్మిది నెలలుగా పడ్డదంతా ఒక్క సంతకంతో తీరిపోతుంది. అప్పలసూరి కలాన్ని చుక్క మీదికి తెచ్చాడు.

అప్పుడు వెనకనుంచి ఎల్లాజీ ముందుకొచ్చాడు. మూడు నెలలుగా బావకు పాఠాలు చెప్పినవాడు, ఊళ్లో కనపడిన ప్రతివాడితో మా బావ నా శిష్యుడని చెప్పుకున్నవాడు, తల దించుకుని చేతులు కట్టుకుని అన్నాడు:

"బాబూ, అబద్దమెందుకు. నాను నేర్పనేదండి. బావే నాకు నేర్పినాడు. గేరు మార్సడం నాకు మొన్నటిదాకా రాదండి."

అప్పలసూరి కళ్లు మూసుకున్నాడు. జన్మలో ఒక్కసారి ఎల్లాజీ నోరు మూసుకుని ఉండవలసిన సమయం ఏదైనా ఉంటే అది ఇదే.

గణపతిరావు కలం కింద పెట్టాడు. ఫారం తనవైపు లాక్కున్నాడు. నేర్పినవాడే నేర్పలేదని నా ఎదుట చెప్పాక ఈ కాగితం నేనెలా తీసుకోను అన్నాడు. ఆయన గొంతులో కూడా బాధ ఉంది. ఫారం వెనక్కి ఇచ్చేసి, మళ్లీ ఇంకో డ్రైవరు దగ్గర మూడు నెలలు నేర్చుకుని రమ్మన్నాడు.

అప్పలసూరి కదలలేదు. కేక వెయ్యలేదు, బతిమాలలేదు. బల్ల ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు. వరసలో వాళ్లు వచ్చి వెళుతున్నారు. భోజనాల వేళ అయింది. ఇంటికెళ్లమని గణపతిరావు రెండుసార్లు చెప్పాడు. ఎల్లాజీ వేరుశెనక్కాయలు తెచ్చి పెట్టినా అతను తాకలేదు. తను ఏ దేశపువాడో తేల్చడానికి ఒక ఆఫీసు, తన పేరేమిటో తేల్చడానికి ఒక ఆఫీసు, తనకి బండి వచ్చో రాదో తేల్చడానికి ఒక ఆఫీసు. అన్నీ తేలాయి. ఇప్పుడు ఎవరి వల్ల వచ్చిందో తేలక ఆగింది. ఇంక లేచే ఓపిక లేదు.

మూడింటికి నారాయణమూర్తి బయటికొచ్చి, పాసయినవాడు ఇంకా ఇక్కడ ఎందుకున్నాడని అడిగాడు. గణపతిరావు సంగతి చెప్పాడు. నారాయణమూర్తి బీరువాలోంచి రూళ్ల పుస్తకం తీయించి, నిలబడే రెండు పేజీలు తిరగేశాడు. తర్వాత ఎల్లాజీని పిలిచాడు.

"ఇతను నడుపుతున్నప్పుడు నువ్వు పక్కన కూర్చున్నావా?"

"కూసున్నానండి. రోజూ కూసున్నానండి."

"నీ దగ్గర లైసెన్సు ఉందా?"

"ఉందండి."

నారాయణమూర్తి గణపతిరావు వైపు తిరిగాడు. "రూలులో పక్కన కూర్చోవాలనే ఉంది. నేర్పాలని లేదు. ఫారం అచ్చు వేసినవాడు నేర్పినవారు అని వేసుకున్నాడు. కొట్టేసి, పక్కన కూర్చున్నవారు అని రాయండి. నేను సంతకం పెడతాను."

గణపతిరావు పుస్తకం తీసుకుని ఆ పేజీ తను కూడా చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన ముఖం విచ్చుకుంది. అలా జరుగుతుందని ఎవరూ అనుకోరు. స్కేలు పెట్టి, 'నేర్పినవారు' మీద తిన్నగా గీత గీసి, దస్తూరీతో మార్చి రాశాడు. అది అబద్ధం కాదు గనుక అప్పలసూరి సంతకం చేశాడు.

పాత కథల్లో అయితే ఇక్కడితో అయిపోవాలి. లైసెన్సు చేతికొచ్చిన రోజున అప్పలసూరి ఇంటికి కూడా వెళ్లకుండా నరసింగరావు షెడ్డుకి వెళ్లాడు. ఆయన లైసెన్సు చూసి సంతోషించి, తారీఖు చూసి నాలిక కరుచుకున్నాడు. జనాన్ని ఎక్కించుకునే బండికి కనీసం మూడేళ్ల పాత లైసెన్సు ఉన్న డ్రైవరే ఉండాలని ఇన్సూరెన్సు వాళ్లు పట్టుబడుతున్నారట. ఇది నిన్న పుట్టిన లైసెన్సు. ఆయన మరీ మొహమాటపడుతూ ఇంకో మాట చెప్పాడు. కుంటి డ్రైవరు మానేశాడు, ఆగలేక వేరే మనిషిని మాట్లాడుకున్నాడు. ఆరేళ్ల లైసెన్సు ఉంది, ఈమధ్య బండి కూడా బాగా తోలుతున్నాడు.

ఎల్లాజీ ఆ సాయంత్రం వసారా మెట్టు మీద కూర్చుని, తల ఎత్తకుండా, "నువ్వొద్దంతే ఎల్లను బావా," అన్నాడు.

అప్పలసూరికి తిట్టడానికి సరిపడా మాటలు తెలుగులో ఉన్నాయి, బర్మాలో ఇంకా ఎక్కువ ఉన్నాయి.

"ఎల్లు," అన్నాడు. "ఎత్తు కాడ రెండో గేరులోనే ఉండు. జనం ఉంతారు ఎనకాల."

మర్నాటినుంచి మిల్లు లారీ అప్పలసూరిది. అక్కడ ఇన్సూరెన్సు వాళ్లు వడ్ల బస్తాల గురించి అంత పట్టించుకోలేదు. మొదటి నెలలో బంపరు మీద సున్నం మరకలన్నీ గీకి రంగు వేయించాడు. విశాఖపట్నం దాకా లోడు తీసుకెళ్లేవాడు. బస్సు మీద ఆశ పోయిందని అనలేం గాని, బస్తాలు దారిపొడుగునా సలహాలు చెప్పవు. అదొక సుఖం.

ఆ తర్వాత కూడా ఓడలు వస్తూనే ఉన్నాయి. దిగినవాళ్లలో డ్రైవర్లు ఉండేవాళ్లు. రంగం డ్రైవరొకడు ఈ దేశంలో లైసెన్సు సంపాదించాడట అని విని, కోటబొమ్మాళి స్టేషన్లో దిగి అతని ఇల్లు అడుక్కుంటూ వచ్చేవాళ్లు. అప్పలసూరి విసుక్కుంటూనే వాళ్లను కూర్చోబెట్టి, ముందు లైసెన్సు తారీఖు చూసేవాడు. తర్వాత పేరు చూసేవాడు. గెజిటెడ్ సంతకం కోసం తిరగొద్దని, తిన్నగా ఎల్ బోర్డుకి పొమ్మని, ఎడమ చేతి వైపు సైగ మరిచిపోవద్దని చెప్పేవాడు. అరవై తొమ్మిది చలికాలంలో మౌల్మీన్ నుంచి వచ్చిన ఇద్దరిని తనే వెంటబెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్లాడు.

గణపతిరావు కళ్లజోడు సర్దుకుని అతన్ని గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు. ఆ ఇద్దరి కాగితాలు ఒకటొకటిగా చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని మెచ్చుకున్నాడు. అప్పలసూరికి లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా అనిపించింది.

"ఫారం మాత్రం మారిందయ్యా," అన్నాడు గణపతిరావు. "పోయిన నెలనుంచి కొత్తది. ఇంకా మాకు రాలేదు. వచ్చాక రండి."